ఆపరేషన్ తర్వాత వాంతులు: నాలుగు ప్రశ్నలతో ముందే అంచనా, ముందే నివారణ

ఆపరేషన్ అనగానే అందరికీ ముందుగా నొప్పి గుర్తొస్తుంది. మత్తు దిగాక మాత్రం చాలామందిని నొప్పి కన్నా ఎక్కువగా వేధించేవి కడుపులో తిప్పడం, వాంతులు. 1999లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారిని ‘మీకు ఏది అస్సలు రాకూడదనుకుంటున్నారు?’ అని అడిగారు. ఆ జాబితాలో నొప్పిని వెనక్కి నెట్టి వాంతులు మొదటి స్థానంలో నిలిచాయి.

ముందుజాగ్రత్తగా మందులేవీ ఇవ్వకపోతే ఆపరేషన్ అయిన ప్రతి 100 మందిలో సుమారు 30 మందికి వాంతులవుతాయి. సుమారు 50 మందికి వికారంగా ఉంటుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో ఈ బాధ 80 మంది దాకా వస్తుంది. అయితే ఇది ఎవరి అదృష్టాన్ని బట్టి వచ్చేది కాదు. ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో ఆపరేషన్‌కు ముందే చాలావరకు అంచనా వేయవచ్చు. చవకగా దొరికే మందులతో చాలావరకు నివారించవచ్చు. ఆ అంచనాకు కావలసిన సమాచారంలో ముఖ్యమైన భాగం మాత్రం ఏ స్కానింగ్‌లోనూ, ఏ రక్తపరీక్షలోనూ దొరకదు. దాన్ని రోగే చెప్పాలి.

ఉక్కునగరంలో ఈ ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఇలాంటి అంచనా ఎందుకు అవసరమో చెప్పడానికి తగిన ఊరు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు కుటుంబాలు కూడా ఉన్నాయి. అందుకే భిలాయి సెక్టార్లలో తెలుగు మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కర్మాగారానికి చెందిన జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని ఊళ్లో అందరూ ‘సెక్టార్-9 ఆసుపత్రి’ అనే పిలుస్తారు.

ఇలాంటి ఊళ్లో ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేవారందరూ ఒకే తరహా మనుషులు కారు. ఒకరోజు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన కార్మికుడు ఉండవచ్చు. మరోరోజు పిత్తాశయంలో రాళ్లతో వచ్చిన గృహిణి, కాన్పు కోసం వచ్చిన కోడలు, మెల్లకన్ను సరిచేయించుకునే పిల్లవాడు ఉండవచ్చు. మత్తు ఒకటే అయినా వాంతుల ముప్పు వీరిలో ఒకరికి, మరొకరికి నాలుగు రెట్ల తేడాతో ఉండవచ్చు. అందరికీ ఒకే మందు రాయడమూ, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా వాంతి అయ్యాక చూద్దామనడమూ రెండూ సరికాకపోవడానికి కారణం ఇదే.

కడుపు ఎందుకు తిరుగుతుంది?

వాంతి నిజానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. తిన్నదాంట్లో విషం ఉంటే బయటికి పంపడానికి పుట్టిన రక్షణ ఇది. మెదడు కింది భాగంలో, నాలుగో జఠరిక అడుగున ‘ఏరియా పోస్ట్రీమా’ అనే చిన్న ప్రాంతం ఉంది. రక్తంలోని రసాయనాలు మెదడులోకి తేలిగ్గా వెళ్లకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. ఈ ప్రాంతం మాత్రం ఆ గోడకు బయట ఉంటుంది. రక్తంలో తేడా కనిపిస్తే వెంటనే పసిగట్టే కాపలాదారు ఇదే. మత్తు వాయువులను, మార్ఫిన్ జాతి నొప్పి మందులను కూడా ఇది విషం లెక్కనే చూస్తుంది.

రెండో హెచ్చరిక పేగుల నుంచి వస్తుంది. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్‌ను విడుదల చేస్తే అది వేగస్ నాడి చివరలను తాకుతుంది. ఆ సంకేతం మెదడుకు చేరుతుంది. మూడో హెచ్చరిక లోపలి చెవిలోని సమతుల్యతా వ్యవస్థ నుంచి వస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పించేది ఇదే.

ఈ దారులన్నీ మెదడు కాండంలో ఒకచోట కలుస్తాయి. ఒక్కో దారిలో వార్తాహరుడు వేరు. సెరటోనిన్, డోపమైన్, హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్, సబ్‌స్టెన్స్-పి అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఒక మందు ఒక దారిని మూసినా మిగతావి తెరిచే ఉంటాయి. నివారణ గురించి తర్వాత వచ్చే లెక్కంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

నాలుగు ప్రశ్నలు

ముప్పును ముందే కొలవడానికి వైద్యులు చాలాకాలం పొడవాటి సూత్రాలు వాడారు. 1999లో క్రిస్టియన్ ఆప్ఫెల్, ఆయన సహచరులు ఫిన్లాండ్, జర్మనీ రోగుల వివరాలను పరిశీలించి వాటన్నిటినీ నాలుగు ప్రశ్నలకు కుదించారు. రోగి స్త్రీయా? పొగతాగే అలవాటు లేదా? గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులు గానీ, ప్రయాణంలో వాంతులు గానీ అయ్యాయా? ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పి మందులు ఇవ్వాల్సి వస్తుందా?

ఒక్కో ‘అవును’కు ఒక్కో మార్కు. మార్కులేవీ లేకపోతే ముప్పు సుమారు 10 శాతం. ఒకటైతే 20, రెండైతే 40, మూడైతే 60, నాలుగైతే దాదాపు 80 శాతం. ఇంత సులువైన లెక్క కాబట్టే అది ప్రపంచమంతటా ఆపరేషన్ థియేటర్లకు చేరింది.

ఇద్దరు ఊహాజనిత రోగులను తీసుకుందాం. 50 ఏళ్ల కార్మికుడు, పొగతాగుతాడు, ప్రయాణాల్లో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఆపరేషన్ తర్వాత మాత్రం గట్టి నొప్పి మందు కావాలి. అతనికి ఒక మార్కు, అంటే 20 శాతం ముప్పు. అతని భార్యకు 45 ఏళ్లు, పొగతాగదు, బస్సెక్కితే వాంతులు. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత ఆమెకూ అదే నొప్పి మందు ఇవ్వాలి. ఆమెకు నాలుగు మార్కులు, 80 శాతం ముప్పు. ఒకే ఇల్లు, ఒకే ఆసుపత్రి, ఒకే మత్తు డాక్టరు. ముప్పు మాత్రం నాలుగు రెట్లు.

పొగతాగేవారికి ఈ ఒక్క విషయంలో ముప్పు తక్కువని తేలింది గానీ, దాన్ని మేలుగా భావించకూడదు. వారికి ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల సమస్యలు, గాయం ఆలస్యంగా మానడం వంటి ఇబ్బందులు ఎక్కువ.

ఇక మూడో ప్రశ్న దగ్గరే మాట జారిపోతుంది. భిలాయి నుంచి జగ్దల్‌పుర్, కోరాపుట్ మీదుగా రోడ్డు మార్గంలో ఉత్తరాంధ్రకు వెళ్లేవారు కేశకాల్ ఘాట్, సాలూరు ఘాట్ దాటాలి. ఆ మలుపుల్లో ఎవరు నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటారో ఇంట్లో అందరికీ తెలుసు. ‘ఆమెకు బస్సు పడదు’ అని మామూలుగా చెప్పుకుంటారు. ఆసుపత్రిలో ‘మీకు ఏవైనా జబ్బులున్నాయా?’ అని అడిగితే మాత్రం ‘ఏమీ లేవు’ అంటారు. బస్సు పడకపోవడం జబ్బు కాదు కదా! కానీ మత్తు డాక్టరుకు అది బీపీ అంకె అంత పనికొచ్చే సమాచారం. లోపలి చెవి నుంచి వచ్చే సంకేతానికి ఆ వ్యక్తి మెదడు త్వరగా స్పందిస్తుందని ఆ రెండు మాటలే చెబుతాయి.

మందులు కూడితే కాదు, గుణిస్తే

నివారణ మందులు ఎంతవరకు పనిచేస్తాయో తేల్చిన పెద్ద అధ్యయనం 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ముప్పు ఎక్కువగా ఉన్న 5,000 మందికి పైగా రోగులు ఇందులో పాల్గొన్నారు. ఆరు రకాల నివారణ పద్ధతులను, వాటి నుంచి వచ్చే 64 కలయికల్లో పరీక్షించారు. ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, డ్రోపెరిడాల్ అనే మూడు మందుల్లో ప్రతి ఒక్కటీ ముప్పును సుమారు 26 శాతం తగ్గించింది. మూడూ దాదాపు సమానమే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక మందు 26 శాతం తగ్గిస్తే మూడు మందులు 78 శాతం తగ్గిస్తాయని అనుకుంటారు. అలా కాదు. మొదటి మందు తర్వాత మిగిలిన ముప్పులోంచే రెండో మందు 26 శాతం తీసేస్తుంది. ఆ తర్వాత మిగిలినదాంట్లోంచి మూడోది తీసేస్తుంది. ఆ అధ్యయనంలో నివారణ మందు లేనివారిలో 52 శాతం మందికి వికారమో, వాంతులో వచ్చాయి. ఒక మందుతో అది 37 శాతానికి, రెండింటితో 28కి, మూడింటితో 22కి తగ్గింది. ప్రతి మెట్టు అంతకుముందు మెట్టు కన్నా చిన్నది.

ఇప్పుడు పై ఇద్దరు రోగుల దగ్గరికి వద్దాం. ఆమె లాంటివారు 100 మంది ఉంటే, ఏ మందూ లేకుండా 80 మందికి ఇబ్బంది. ఒక మందుతో 59కి తగ్గుతుంది, అంటే 21 మందికి మేలు. రెండు మందులతో 44, మూడింటితో 32. కార్మికుడి లాంటివారు 100 మందిలో 20 మందికి ఇబ్బంది. ఒక మందుతో 15కి తగ్గుతుంది, అంటే ఐదుగురికి మేలు. మూడు మందులు ఇచ్చినా మొత్తం 12 మందికే మేలు జరుగుతుంది. దుష్ఫలితాల అవకాశం మాత్రం 100 మందికీ ఉంటుంది. మందు శక్తి మారలేదు. ఎవరికి ఇస్తున్నామన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

అందుకే 2020లో వెలువడిన నాలుగో అంతర్జాతీయ ఏకాభిప్రాయ మార్గదర్శకాలు ముప్పును బట్టి మెట్లు సూచించాయి. పెద్దవారిలో ఒకటి లేదా రెండు ముప్పు కారణాలుంటే రెండు రకాల నివారణ చర్యలు తీసుకోవాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే మూడు, నాలుగు రకాలు తీసుకోవాలి.

రెండు హెల్మెట్లు పెట్టుకున్నట్టు

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి భద్రత పొరలు పొరలుగా ఉంటుందని తెలుసు. హెల్మెట్ తలను, బూట్లు కాళ్లను, కళ్లద్దాలు కళ్లను కాపాడతాయి. ఒకదాని మీద ఒకటి రెండు హెల్మెట్లు పెట్టుకుంటే కాళ్లకు ఒరిగేదేమీ లేదు. వాంతుల మందులూ అంతే. ఒకే దారిని మూసే రెండు మందుల కన్నా వేర్వేరు దారులను మూసే రెండు మందులే మేలు.

ఆన్‌డాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ సెరటోనిన్ దారిని మూస్తాయి. డ్రోపెరిడాల్ డోపమైన్ దారిని, అప్రెపిటెంట్ సబ్‌స్టెన్స్-పి దారిని మూస్తాయి. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్ జాతికి చెందినది. నివారణగా ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చిన తర్వాత కూడా ఆరు గంటల్లోపు వాంతి అయితే, మళ్లీ అదే ఇవ్వడం వల్ల ప్రయోజనం కనిపించదు. వేరే జాతి మందుకు మారాలని మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే.

ఇచ్చే సమయమూ ముఖ్యమే. డెక్సామెథాసోన్ నెమ్మదిగా పనిచేస్తుంది. కాబట్టి మత్తు మొదలయ్యే సమయంలో ఇస్తారు. ఆన్‌డాన్‌సెట్రాన్ ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. దాన్ని ఆపరేషన్ ముగింపులో ఇస్తారు. అప్రెపిటెంట్ మాత్రను ఆపరేషన్‌కు ముందే మింగిస్తారు.

మందులే కాక, మత్తు ఇచ్చే పద్ధతినీ మార్చవచ్చు. ఆపరేషన్ అయిన తొలి రెండు గంటల్లో వాంతులకు ప్రధాన కారణం పీల్చే మత్తు వాయువులే. వాటికి బదులు నరంలోకి ప్రొపొఫాల్ ఇచ్చినప్పుడు 2004 అధ్యయనంలో ముప్పు 19 శాతం తగ్గింది. నైట్రస్ ఆక్సైడ్ మానేస్తే 12 శాతం తగ్గింది. రెండూ కలిపితే ఒక నివారణ మందుతో సమానం. పారాసెటమాల్, నరాల దగ్గర ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్లతో నొప్పిని అదుపు చేస్తే మార్ఫిన్ జాతి మందుల అవసరం తగ్గుతుంది. నాలుగు మార్కుల్లో ఒకటి అలా తగ్గవచ్చు.

చక్కెర, గుండె, సికిల్ సెల్

దుష్ఫలితాలు లేని మందు ఉండదు. ఆన్‌డాన్‌సెట్రాన్ వల్ల కొందరికి తలనొప్పి, మలబద్ధకం రావచ్చు. గుండె లయలో పుట్టుకతో లోపం ఉన్నవారి విషయంలో జాగ్రత్త అవసరం. డెక్సామెథాసోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. స్టెరాయిడ్ వల్ల ఆపరేషన్ గాయానికి చీము పడుతుందేమోనన్న భయం చాలాకాలం ఉండేది. 8,880 మందితో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. ఒక్క మోతాదు డెక్సామెథాసోన్ తీసుకున్నవారిలో 8.1 శాతం మందికి, తీసుకోనివారిలో 9.1 శాతం మందికి గాయం దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆ అధ్యయనంలో మధుమేహం ఉన్నవారూ ఉన్నారు. అయినా చక్కెర జబ్బు ఉన్నవారికి ఈ మందు ఇస్తే రక్తంలో చక్కెరను తరచూ పరీక్షించాల్సిందే.

ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో విషయం ఉంది. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఇది ఒకటి. ఈ వ్యాధిని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో పొరుగునే ఉన్న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఈ వ్యాధి ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు త్వరగా చిట్లిపోతాయి. అలా వెలువడే వర్ణద్రవ్యం పిత్తాశయంలో రాళ్లుగా మారుతుంది. అందుకే చిన్న వయసులోనే పిత్తాశయం తీయించుకోవాల్సి రావచ్చు. ఆ ఆపరేషన్ కూడా వాంతుల ముప్పును పెంచేదే.

వీరికి వాంతులు అసౌకర్యంతో ఆగవు. ఒంట్లో నీరు తగ్గితే రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి చిన్న రక్తనాళాలను మూసేస్తాయి. తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. వాంతులతో మంచినీళ్లు కూడా నిలవని రోగికి ఆ ప్రమాదం పెరుగుతుంది. మరోవైపు, సికిల్ సెల్ రోగుల్లో స్టెరాయిడ్ వాడకానికీ నొప్పి సంక్షోభానికీ సంబంధం ఉన్నట్టు అధ్యయనాల్లో కనిపించింది. కాబట్టి మామూలు రోగికి తొలి వరసలో నిలిచే డెక్సామెథాసోన్ విషయంలో ఇక్కడ ఆలోచించి అడుగు వేయాలి. వేరే దారులను మూసే మందులు, ప్రొపొఫాల్, నరంలోకి తగినన్ని ద్రవాలు ముందుకు వస్తాయి. కుటుంబంలో ఎవరికైనా సికిల్ సెల్ ఉందన్న ఒక్క మాట మందుల చీటీనే మార్చేయగలదు.

పిల్లలు, కాన్పులు, ఇంటికెళ్లాక

పిల్లలకు ప్రశ్నలు కొంచెం వేరు. మూడేళ్లు దాటిన వయసు, అరగంటకు మించిన ఆపరేషన్, మెల్లకన్ను ఆపరేషన్, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులు అయి ఉండటం, ఈ నాలుగూ చూస్తారు. పసివాడికి ‘వికారంగా ఉంది’ అని చెప్పడం రాదు కాబట్టి, తల్లికి గతంలో ఏమైందన్నది ఇక్కడ వాడికి పనికొస్తుంది.

సిజేరియన్‌లో కథ ఇంకోలా ఉంటుంది. వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ ఒక్కసారిగా పడిపోతే తల్లికి కడుపులో తిప్పుతుంది. అప్పుడు వాంతి మందు కన్నా ముందు బీపీని సరిచేయాలి. కళ్లు తిరగడం వేరు, కడుపులో తిప్పడం వేరు. ఏది అనిపిస్తోందో స్పష్టంగా చెబితే డాక్టరుకు కారణం త్వరగా దొరుకుతుంది. హిందీలో మాట తడబడితే తెలుగు తెలిసిన నర్సునో, తోడుగా వచ్చినవారినో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అదే రోజు ఇంటికి పంపే ఆపరేషన్లు పెరుగుతున్న కొద్దీ వాంతులు ఆసుపత్రి గడప దాటి వెంట వస్తున్నాయి. అమెరికాలో 2,170 మందిని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో 37 శాతం మందికి ఇంటికి వెళ్లిన రెండు రోజుల్లోపు వికారమో, వాంతులో వచ్చాయి. వార్డులో ఇచ్చిన మందు ప్రభావం అప్పటికి దిగిపోతుంది. శరీరంలో దాదాపు 40 గంటల అర్ధాయువు ఉన్న పాలోనోసెట్రాన్ వంటి మందులు ఇలాంటి సందర్భాల్లో ఉపయోగపడతాయి.

170 ఏళ్ల పాత సమస్య

ఈథర్‌తో మత్తు ఇవ్వడం 1846లో మొదలైంది. రెండేళ్లకే, 1848లో, బ్రిటిష్ వైద్యుడు జాన్ స్నో ఆపరేషన్ తర్వాత వాంతుల గురించి రాశారు. ఆయన సూచించిన చికిత్సల్లో నల్లమందు కూడా ఒకటి. అదే వాంతిని రెచ్చగొడుతుందని ఇప్పుడు తెలుసు. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ అండతో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు మత్తులో ప్రాణం ఎందుకు పోతోందన్న ప్రశ్నతో కుస్తీ పట్టాయి. ప్రాణమే ప్రశ్న అయిన ఆ రోజుల్లో వాంతుల గురించి పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? మత్తు భద్రమయ్యాకే రోగి ఎలా మేల్కొంటాడన్నది ప్రశ్నగా మారింది. అమెరికాలో 1991లో కేన్సర్ మందుల వాంతుల కోసం అనుమతి పొందిన ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చింది. ఇప్పుడు ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్ రెండూ భారత అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. జిల్లా ఆసుపత్రికి అందని ఖరీదైన మందులు కావివి.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి

• బస్సు, కారు, ఘాట్ రోడ్డు పడకపోతే ఆ సంగతి.
• గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులైతే, ఎన్ని గంటలు ఉన్నాయో, అప్పుడు ఏ మందు పనిచేసిందో. పిల్లల విషయంలో తల్లిదండ్రులు, తోబుట్టువుల అనుభవం.
• పొగతాగే అలవాటు ఉందో లేదో, దాచకుండా.
• చక్కెర జబ్బు, గుండె లయ సమస్యలు, సికిల్ సెల్, వాడుతున్న మందులన్నీ.
• ఆపరేషన్‌కు ముందు ఎప్పటి నుంచి తినకూడదో, ఎప్పటి నుంచి తాగకూడదో. సాధారణంగా ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. డాక్టరు చెప్పిన సమయాన్నే పాటించాలి.

ఆపరేషన్ అయ్యాక కడుపులో తిప్పుతుంటే వాంతి అయ్యేదాకా ఓర్చుకోవాల్సిన పనిలేదు. వాంతి నర్సు కళ్లకు కనిపిస్తుంది. వికారం కనిపించదు, రోగి చెబితేనే తెలుస్తుంది. వాంతులు ఆగకపోయినా, వాటిలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, కుట్ల దగ్గర నొప్పి ఒక్కసారిగా పెరిగినా వెంటనే వైద్యులకు చెప్పాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఎప్పుడూ డాక్టరు నిర్ణయమే. ఆ నిర్ణయం సరిగ్గా ఉండటానికి కావలసిన సమాచారంలో సగం రోగి దగ్గరే ఉంటుంది.